తవుడికి రసీదు

మనిషి తల్లి కడుపున పుడతాడన్నది పాతకాలపు నమ్మకం. మనిషి పుట్టేది రికార్డు రూములో! తల్లి కనేది ఒట్టి బిడ్డని. ఆ బిడ్డకి తండ్రెవరో, తాతెవరో, తోబుట్టువులెవరో, అసలు పుట్టాడో లేదో తేల్చేది ఎర్రగుడ్డలో మూటకట్టి బీరువా మీద పడేసిన కాగితాల కట్ట. ఇది నా సిద్ధాంతం. ముప్పై నాలుగేళ్ళు టెక్కలిలో దస్తావేజులు రాసి, రిటైరై, ఉద్దానంలో సొంతూరికొచ్చి కూర్చున్నవాణ్ణి. నా మాటకి ఆ మాత్రం విలువ ఇవ్వండి.

ఈమధ్య కొందరు గొణుగుతున్నారు. ప్రతిదానికీ పాత కాగితం తెమ్మంటున్నారని, తాతల రికార్డు వెతకలేక చస్తున్నామని, ఇదేం పీడ అని. అపచారం! పాత రికార్డు పీడ కాదు, వరం. అది లేకపోతే మనమెవరమో మనకి చెప్పేదెవరు? ఇంట్లోవాళ్ళా? ఇంట్లోవాళ్ళు చెప్పే వంశ చరిత్రలో నిజం పాలెంతో మీకు తెలియదా?

మా సంగతే చూడండి. మా ముత్తాత పోలారావు సంస్థానంలో పెద్ద కొలువు చేశాడని, గుర్రం దిగి నేలమీద నడిచేవాడే కాదని మా ఇంట్లో తరతరాలుగా చెప్పుకుంటున్నాం. నా పెళ్ళిచూపుల్లో మా మావగారికి కూడా ఆ గుర్రాన్ని చూపించే పిల్లని అడిగారు. రిటైరయ్యాక తీరిక దొరికింది కదా, ఆ గుర్రం సంగతేదో తేల్చుదామని బయల్దేరాను.

ఎనిమిది నెలలు తిరిగాను! దుమ్ముకి తుమ్ములు, తుమ్ములకి మాత్రలు, మాత్రలకి నిద్ర. కొన్ని పుటల్ని నాకన్నా ముందే చెదలు చదివేశాయి. కొన్నింటిలో ఊరి పేరుంది, మనిషి పేరు లేదు. ఇంకొన్నింటిలో మనిషి పేరుంది గానీ దాని మీద ఎవరో టీ గ్లాసు పెట్టారు. చివరికి దొరికాడు మా ముత్తాత! ఎక్కడ? బందెలదొడ్డి రిజిస్టర్లో. ఇతరుల పంటలో పడ్డ పశువుల్ని తోలుకెళ్ళి కట్టేసే దొడ్డి అది. అందులో ఒక్క ఏడాదిలో పదిహేడుసార్లు బందీ అయింది పోలారావు గారి గేదె. గుర్రం ప్రస్తావన ఎక్కడా లేదు.

కుంగిపోయానా? లేదే! ఆలోచించండి. సంస్థానంలో కొలువు చేసినవాళ్ళు బోలెడుమంది ఉంటారు. పదహారుసార్లు పట్టుబడి పదిహేడోసారి కూడా అదే చేలోకి వెళ్ళిన గేదె ఎవరికుంది? ఈ రీసెర్చిలో నాకున్న పట్టుదల ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు ఆరోజు తెలిసింది.

అన్నట్టు, మన వైపు తాత పేరు మనవడికి పెట్టడం ఆనవాయితీ కదా. మా ముత్తాత పోలారావు, తాత తారకేశ్వరరావు, నాన్న మళ్ళీ పోలారావు, నేను మళ్ళీ తారకేశ్వరరావుని. రికార్డు మా ముత్తాతనీ మా నాన్ననీ ఒక్కడే అనుకుంది. దాని ప్రకారం ఆ పోలారావు నూట ముప్పై ఏళ్ళు బతికాడు, రెండు పెళ్ళిళ్ళు చేసుకున్నాడు, తాను పోయిన ఇరవై ఏళ్ళకి కొబ్బరితోట కూడా కొన్నాడు. ఇంతటి మహర్జాతకుడు మీ వంశంలో ఉన్నాడా?

ఇంకో లాభం కూడా చెప్పాలి. మా పక్క తోట రమణమూర్తికీ నాకూ గట్టు దగ్గర ఇరవై ఏళ్ళుగా తగాదా. రికార్డులు తవ్వితే తేలిందేమిటంటే, అయిదు తరాల వెనక మేమిద్దరం ఒకే ఇంటివాళ్ళం! అప్పటిదాకా అది వట్టి పొరుగు తగాదా. ఇప్పుడు దాయాదుల తగాదా. హోదా పెరిగింది. ఆయన కూడా చాలా సంతోషించి, మర్నాడే గట్టు మీద ఇంకో రెండు జీడిమొక్కలు నాటాడు.

ఈ పరిశోధన ఫలితాలన్నీ పెద్ద చార్టు మీద వంశవృక్షంగా గీసి హాల్లో గోడకి తగిలించాను. మా ఆవిడ మోహిని కళ్ళజోడు సర్దుకుని, పైనుంచి కిందదాకా చూసింది.

“ఇందులో ఆడోలు ఒక్కలూ నేరేటి? మీ వంశంలో మగోల్లే మగోల్లని కన్నారేటి?”

“రికార్డులో లేరు,” అన్నాను.

“గేదుంది గదా,” అంది.

రీసెర్చి అందరికీ అర్థమయ్యేది కాదు. నిజానికి మా ముత్తవ్వ పేరు కోసం నేనూ వెతికాను. ఆ గేదె రంగు రాసుంది, కుడికొమ్ము విరిగిందని కూడా రాసుంది. ఆవిడ పేరు మాత్రం ఎక్కడా లేదు.

ఏమైతేనేం, చుట్టుపక్కల నాకు పేరొచ్చింది. సోంపేట నుంచి ఒకాయన వచ్చి తాతని వెతికిపెట్టమంటే ఇద్దరు తాతల్ని పట్టి ఇచ్చాను. ఒకర్ని వెనక్కి తీసుకోమన్నాడు గానీ, ఆ వీలు లేదని చెప్పాను. ఇంకొకాయన తాతగారు స్వాతంత్ర్య సమరంలో అజ్ఞాతంలోకి వెళ్ళిన వీరుడని చెప్పుకునేవారు. ఆయన పేరు టీకాల రిజిస్టర్లో దొరికింది. ఎదురుగా ‘సూది చూసి పరారీ’ అని ఉంది. అజ్ఞాతం నిజమే కదా! ఇలా పూర్వీకుల్ని పంచిపెడుతూ హాయిగా ఉన్న రోజుల్లో వచ్చింది తవిటమ్మ.

తవిటమ్మ మా ఊరి ఆడపడుచు. యాభై అయిదేళ్ళుంటాయి. హరిశ్చంద్రపురం ఇచ్చారు. తమ్ముడు త్రినాథరావు మా వీధిలోనే ఉంటాడు. కాస్త జీడితోట, కాస్త వరి. మూడేళ్ళుగా అతని కిడ్నీలు పనిచేయడం లేదు. వారానికి మూడుసార్లు పలాస వెళ్ళి డయాలసిస్ చేయించుకొస్తాడు. మా ఉద్దానంలో ఇదొక వార్త కాదు. ఏ వీధిలో అడిగినా ఇలాంటివాళ్ళు ఒకరైనా ఉంటారు.

అతని భార్యకి సుగరు, కిడ్నీ ఇవ్వడానికి లేదు. కూతురు భవ్యశ్రీ ఇస్తానంటే, చదువుకునే పిల్లని కోయనివ్వనని అతనే అడ్డం పడ్డాడు. అప్పుడు అక్క ముందుకొచ్చింది. విశాఖపట్నంలో పరీక్షలన్నీ చేశారు. రక్తం కలిసింది. మిగతావన్నీ కూడా కలిశాయి. ఇంత బాగా కలవడం అదృష్టమని డాక్టరు గారు సంబరపడ్డారు. కాగితాలే కలవలేదు.

కిడ్నీ ఇచ్చేది సొంత తోబుట్టువేనని సర్కారు కాగితం చూపించాలి. మంచి రూలే! అది లేకపోతే డబ్బున్నవాళ్ళు పేదవాళ్ళ కిడ్నీలు కొనుక్కుపోరా? ఆ రూలుకి నా రెండు చేతులూ ఎత్తి మద్దతిస్తున్నాను. కాగితం ఇవ్వడానికి మండల ఆఫీసువాళ్ళు పాత పుట్టుక రిజిస్టరు తీయించారు. దొరికింది! ఎన్ని తుఫాన్లొచ్చాయి, తిత్లీకి మా కొబ్బరిచెట్లే నిలబడలేదు, ఈ పుట మాత్రం చెక్కుచెదరలేదు. అందులో నల్లసిరాతో స్పష్టంగా ఉంది. ఆడపిల్ల, పేరు తవిటమ్మ. తండ్రి జ్ఞానప్రకాశం, తల్లి దయామణి.

త్రినాథరావు తండ్రి నాగరాజు. తల్లి రత్నాలమ్మ.

తవిటమ్మ అన్న పేరు వినగానే మా వైపువాళ్ళు సగం ఊహించే ఉంటారు. మిగతావాళ్ళకి చెబుతాను. రత్నాలమ్మకి మొదటి ఇద్దరు పిల్లలూ పురిట్లోనే పోయారు. మూడో కాన్పుకి ఈ పిల్ల పుట్టింది. అలాంటప్పుడు మావాళ్ళు ఒక పని చేస్తారు. బిడ్డని చేటలో పడుకోబెట్టి పెంటకుప్ప మీద ఉంచుతారు. పక్కింటావిడ వచ్చి, నాకు పిల్ల దొరికిందంటూ ఎత్తుకుపోతుంది. కొన్నాళ్ళాగి కన్నతల్లి వెళ్ళి, కాస్త తవుడు పోసి, తన బిడ్డని తానే కొనుక్కొస్తుంది. తవుడికి కొన్నది కనుక తవిటమ్మ. ఇంత చవకబారు పిల్ల మనకెందుకని యముడు మొహం తిప్పుకుని పోతాడని నమ్మకం.

అలా ఎత్తుకున్న పక్కింటావిడే దయామణి. వాళ్ళు మిషన్ చర్చివాళ్ళు. చేటలోంచి పిల్లని తీసి గుండెకి హత్తుకుని ఇంటికి తీసుకుపోయి, తన పద్ధతిలో మోకాళ్ళ మీద కూర్చుని ప్రార్థన కూడా చేసిందట. ఇటు తవుడు, అటు ప్రార్థన. యముడికి ఉన్న రెండు దారులూ మూసేశారు!

సరిగ్గా ఆ వారంలోనే మునసబుగారి మనిషి పుట్టుకలు రాసుకోవడానికి వీధిలోకి వచ్చాడు. రత్నాలమ్మ గుమ్మంలో నిలబడి, యముడు ఏ మూల పొంచి వింటున్నాడోనని గొంతు పెంచి మరీ చెప్పింది.

“మా ఇంట్ల ఏ పిల్లా పుట్టనేదు. ఆ పిల్ల దయామణిది.”

పక్క గుమ్మంలోంచి దయామణి “అవును, నాదే” అంది. ముందే అనుకున్న తవిటమ్మ పేరుతోనే ఆయన రాసుకుని వెళ్ళిపోయాడు. యముడి సంగతేమో గానీ, ప్రభుత్వం మాత్రం బాగా వింది!

సరే, పుట్టుక రిజిస్టరు పోతే పోయింది, నాగరాజు చనిపోయినప్పుడు రాసిన వారసుల జాబితా ఉంటుంది కదా అంటారా? ఉంది. అదీ దొరికింది. ముప్పై ఏళ్ళనాటిది. భార్య రత్నాలమ్మ, ఏకైక సంతానం త్రినాథరావు, ‘ఇంతకుమించి వారసులెవరూ లేరని ఇందుమూలంగా ధ్రువపరచడమైనది’ అని ముగించారు. తవిటమ్మ లేదు. అప్పటికి ఆవిడకి పెళ్ళయిపోయింది. పొలం కొడుకు పేర మారాలి. ఆడపిల్ల పేరు రాస్తే ఆవిడకి కబురు పెట్టాలి, సంతకం పెట్టించాలి, ఎందుకొచ్చిన గొడవ? ఆరోజుల్లో అందరూ అలాగే రాసేవారు. చేతిరాత మాత్రం ముచ్చటగా ఉంది. గుండ్రటి అక్షరాలు, ఎక్కడా కొట్టివేత లేదు. ఆ చేతిరాత నాకు బాగా తెలుసు. నాదే.

తవిటమ్మ ఆ జిరాక్సు కాగితం నా ఒళ్ళో పెట్టింది.

“నువ్వే రాసినావంట గదా రైటరు బావా. నువ్వే సరిసెయ్యాల.”

నేను కాగితం తిప్పి తేదీ చూశాను.

“అప్పుడు బూమి అడగనేదు. ఇప్పుడూ అడగట్నేదు. నాను ఇత్తానంటన్నాను బావా. ఇయ్యడానికి కూడా కాయితం గావాలా?”

పాఠకులారా, ఇన్నేళ్ళ సర్వీసులో నన్ను తిట్టినవాళ్ళున్నారు, బెదిరించినవాళ్ళున్నారు. సిగ్గుపడేలా చేసింది తవిటమ్మ ఒక్కతే. ఆ సాయంత్రం ఇంట్లో చార్టు దించి, పెన్సిలుతో ఆడవాళ్ళ గళ్ళు గీయడం మొదలుపెట్టాను. మా అమ్మ, మా నాయనమ్మ, నా అప్పచెల్లెళ్ళు, మోహిని. ముత్తవ్వ గడి దగ్గర ఆగిపోయాను.

“పేరు తెలీకపోతే ‘ఉన్నాది’ అని రాయి,” అంది మోహిని. అలాగే రాశాను.

మర్నాడు ముసలమ్మలిద్దర్నీ ఆటోలో ఎక్కించుకుని ఆఫీసుకి వెళ్ళాం. రత్నాలమ్మకి ఎనభై, దయామణికి ఇంకో రెండెక్కువ. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని మెట్లెక్కారు. సీట్లో ఉన్న అమ్మాయి పేరు స్వాతి. ఎంత మర్యాదస్తురాలో! కుర్చీలు వేయించింది, మంచినీళ్ళిచ్చింది, తవుడు కథంతా విసుక్కోకుండా విన్నది. అలాంటి పిల్లని ఒక్క మాట కూడా అనడానికి నాకు నోరు రాదు.

“నానే కన్నాను తల్లీ. నా కడుపునే పుట్టింది,” అంది రత్నాలమ్మ.

“నిజమే అయ్యుంటుంది మామ్మా. కానీ రికార్డు వేరేగా ఉంది.”

“రికార్డు కన్నాదేటి?” అంది దయామణి. “నానెత్తుకున్నాను. నానే తిరిగిచ్చేసినాను.”

“తిరిగిచ్చినట్టు కాగితం ఏదైనా ఉందా మామ్మా?”

“తవుడికి రసీదేటమ్మా!”

స్వాతి ఇబ్బందిగా నావైపు చూసింది. చిక్కెక్కడుందో నాకు అర్థమైంది. రికార్డు ప్రకారం పిల్ల దయామణిది. ఆవిడ తన పిల్లని తవుడికి అమ్మింది, రత్నాలమ్మ కొన్నది. పిల్లల్ని అమ్మడం నేరం, కొనడం కూడా నేరమే. ఇంకొంచెం గట్టిగా నిజం చెబితే ఎనభైల్లో ఉన్న ఇద్దరి మీదా కేసు పెట్టాల్సొస్తుంది! అలవాటు చొప్పున నా బుర్రలో దస్తావేజు ముసాయిదా తయారైపోయింది. ‘మానెడు తవుడు ప్రతిఫలముగా ముట్టినందున, సదరు ఆడశిశువును, ఆమె ఏడుపుతో సహా, సర్వహక్కులతో స్వాధీనపరచితిని.’ హద్దులు ఏం రాయాలో తోచక అక్కడ ఆగాను.

“రక్తం కలిసిందని డాక్టర్లు రాసిచ్చారు కదమ్మా,” అన్నాను.

“రక్తం వాళ్ళు చూస్తారు సార్. మేం రికార్డు చూస్తాం. అదే వారసుల సర్టిఫికెట్ అయితే ఊళ్ళో విచారణ చేసి ఇచ్చేస్తాం. అయిదుగురు చెబితే చాలు, పాత కాగితం అక్కర్లేదు.”

“మరింకేం, అదే ఇప్పించండి!”

“అది ఎవరైనా చనిపోతేనే సార్. వాళ్ళ నాన్నగారిది ఇదివరకే ఇచ్చేశారు. మళ్ళీ ఇవ్వకూడదు. అమ్మగారేమో...” అని ఆగింది.

అమ్మగారు ఇదంతా శ్రద్ధగా వింటోంది.

“అయితే నాను సచ్చిపోతే రాత్తారా అమ్మా, అది నా కూతురని?”

స్వాతి తల దించుకుంది. “అప్పుడైతే రూలుంది మామ్మా.”

“ఓహో,” అంది రత్నాలమ్మ, పలాస బస్సు ఎన్ని గంటలకో తెలుసుకున్నట్టుగా. మంచినీళ్ళ గ్లాసు బల్లమీద పెట్టి లేచింది.

ఆ తర్వాత నేను పై ఆఫీసులకి అయిదు అర్జీలు పెట్టాను. అయిదింటికీ జవాబొచ్చింది! పాత రికార్డు జతచేయమన్నారు. జతచేశాను. జతచేసిన రికార్డు ప్రకారం వీరు తోబుట్టువులు కారని రాశారు. పని ఎంత పద్ధతిగా జరుగుతోందో చూశారా? తవిటమ్మ వారం వారం హరిశ్చంద్రపురంలో రైలెక్కి వచ్చేది. వచ్చినప్పుడల్లా తమ్ముడి మంచం పక్కన కూర్చుని వాడి పాదాల వాపు తడిమి చూసి, మళ్ళీ రైలెక్కి పోయేది. సత్యం కోసం భార్యాబిడ్డల్ని అమ్ముకున్న మహారాజు పేరు పెట్టుకున్న ఊరది. ఆ ఊరి మనిషి నిజం చెబితే నమ్మే నాథుడు లేడు. ఈలోగా త్రినాథరావు చొక్కాలు వదులైపోతున్నాయి.

ఏప్రిల్లో, జీడిపిక్కలు ఏరే రోజుల్లో, ఒక మధ్యాహ్నం రత్నాలమ్మ తోటనుంచి వచ్చింది. తవిటమ్మ ఆరోజు ఇక్కడే ఉంది. కూతురు పోసిన గంజి తాగి అరుగు మీద పడుకుంది. మరి లేవలేదు. జ్వరం లేదు, జబ్బు లేదు. పెద్ద వయసు మనిషి, నిద్రలోనే వెళ్ళిపోయింది.

కార్యం అయ్యాక విచారణకి మనిషొచ్చాడు. వీధిలో అయిదుగుర్ని అరుగు మీద కూర్చోబెట్టి, మృతురాలికి పిల్లలెందరని అడిగాడు. అందరికన్నా ముందు దయామణి చెప్పింది.

“ఇద్దరు. కూతురు తవిటమ్మ, కొడుకు త్రినాథరావు.”

రాసుకున్నాడు. అంతే! పుట్టుక రిజిస్టరు అడగలేదు. నేను రాసిన జాబితా అడగలేదు. తవుడు మాటే ఎత్తలేదు. మూడు సంతకాలు, రెండు వేలిముద్రలు. ఆ సంతకాల్లో ఒకటి నాది. అవే గుండ్రటి అక్షరాలు. పన్నెండో రోజుకి సర్టిఫికెట్ చేతికొచ్చింది. విశాఖపట్నంలో చూశారు, సరేనన్నారు, ఆపరేషన్‌కి తేదీ ఇచ్చారు. అక్కాతమ్ముళ్ళిద్దరూ వచ్చే బుధవారం వెళుతున్నారు.

చూశారా మరి? రికార్డుని నమ్ముకుంటే పని కాకుండా పోదు! కాకపోతే మధ్యలో ఒకరు చనిపోవాలి. ఆ మాత్రం సహకారం ప్రజలు అందించకపోతే ఎలా?

మొన్న దయామణి మా ఇంటికొచ్చి ఆ సర్టిఫికెట్ చదివి వినిపించమంది. ‘మృతురాలి కుమార్తె తవిటమ్మ’ అన్న ముక్క రెండుసార్లు చదివించుకుంది. విని, చెంగుతో కళ్ళు తుడుచుకుని, “యాబయ్యైదేల్లకి పిల్లని ఇంటికి తెచ్చుకున్నాది” అంది.

ఆ తల్లి తన బిడ్డ బతకాలని జన్మలో ఒక్క అబద్ధం ఆడింది. దాన్ని యముడూ నమ్మాడు, ప్రభుత్వమూ నమ్మింది. ఆ తర్వాత ఎన్ని ఆఫీసులు తిరిగి నిజం చెప్పినా ఎవరూ నమ్మలేదు. చివరికి ఎవరు వినాలని ఆ అబద్ధం ఆడిందో, దిద్దించుకోవడానికి ఆయన దగ్గరికే నడిచి వెళ్ళింది.